బస్సుకు ప్రాంగణ హోదా

మా విశ్వవిద్యాలయానికి రెండు ప్రాంగణాలు, ఒక బస్సు.

ఊర్లో ఉన్నది పాత ప్రాంగణం. కొండమీద ఉన్నది కొత్తది. కొండమీద ఎందుకు కట్టారని మల్లెలకోనకు కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. స్థలం ఊరికే వచ్చింది కాబట్టి కట్టారు. ఊరికే ఎందుకు వచ్చిందంటే, అక్కడికి వెళ్లడానికి దారి లేదు కాబట్టి వచ్చింది. తర్వాత దారి వేశారు గానీ, తాను దారినన్న నమ్మకం ఆ దారికి ఇంకా పూర్తిగా కుదరలేదు.

నేను చరిత్ర లెక్చరర్ని. పేరు చెన్నకేశవులు. పొద్దున పాఠం ఊర్లో, మధ్యాహ్నం పాఠం కొండమీద. నాలాంటి పంతుళ్లూ, విద్యార్థులూ అందరం ఆ ఒక్క బస్సులోనే ఎక్కి దిగేవాళ్లం. దాన్ని నడిపేది దస్తగిరి. ఘాట్ మలుపుల్లో అతను బస్సుతో మాట్లాడతాడు. "రా తల్లీ, ఇంగొంచెం, అయిపాయ, అయిపాయ" అని బుజ్జగిస్తాడు. బస్సు వినేది. ఎప్పుడైనా వినకపోతే మేమంతా దిగి తోసేవాళ్లం.

దానికి తలుపు ఎప్పుడో ఊడిపోయింది. కిటికీలు ఒకసారి తెరిస్తే మూతపడవు, మూస్తే తెరుచుకోవు. వాన వస్తే లోపల గొడుగులు వేసుకునేవాళ్లం. వాన వెలిశాక కూడా కాసేపు వేసుకునే ఉండేవాళ్లం, పైకప్పులో నిలిచిన నీళ్లు తీరిగ్గా కారేవి గనక.

ఈ బస్సుతో అందరికంటే ఎక్కువ అవసరం ఉన్నది మద్దిలేటమ్మకు. వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తున్న పిల్ల. స్నేహితులు ఆ పేరును కుదించి "లేటమ్మా" అని పిలుస్తారు. బస్సు పుణ్యమా అని ఆ పేరు అతికినట్టు సరిపోయింది. కొండమీద ఒక షెడ్డులో కుండీలు పెట్టి కొర్ర పెంచుతోంది. ఒక్కో వరుసకు ఒక్కో కొలత నీళ్లు. ఎంత తక్కువ నీటితో ఏ మొక్క నిలుస్తుందో చూడాలి. వాన కోసం ఆకాశం వైపు చూసే మెట్ట సేద్యపు ఇంట్లో పుట్టింది కాబట్టి ఆమెకు అది డిగ్రీ కోసం చేసే పని మాత్రమే కాదు. కొన్నేళ్ల కష్టం ఆ కుండీల్లో ఉంది. రోజూ వెళ్లి కొలిచి నీళ్లు పోయాలి, వేరేవాళ్ల చేతికి ఇచ్చే పని కాదు.

ఒకరోజు బస్సు సగం ఘాట్‌లో మొండికేసింది. ఎంత తోసినా కదల్లేదు. మద్దిలేటమ్మ మిగతా కొండంతా నడిచి ఎక్కి, చీకటి పడేలోగా మళ్లీ నడిచి దిగింది. మర్నాడు కాళ్లకు పట్టీలు కట్టుకుని వచ్చి, "సార్, ఈపొద్దు వీసీ గారిని అడగాల్సిందే. మీరు ముందుండండి" అంది. ముందు నడిచేవాడికి వెనక ఎవరున్నారో కనపడదు. ఉపకులపతి గారి గదిలో అడుగుపెట్టాక వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఒక్కతే ఉంది.

మా ఉపకులపతి ఆచార్య సోమశేఖరం గారు మంచివారు. ఎవరేం చెప్పినా శ్రద్ధగా వింటారు. విన్నదాంట్లోంచి ఎవరూ చెప్పని విషయాన్ని గ్రహిస్తారు. ఆ వారమే ఆయన ఏదో పెద్ద విద్యా సదస్సుకు వెళ్లివచ్చారు. మెళ్లో అక్కడ వేసిన బిళ్ల ఇంకా తీయలేదు. పక్కన రిజిస్ట్రారు భూషణం గారు కలం మూత తీసి సిద్ధంగా ఉన్నారు.

"ఇంగో బస్సు ఇప్పించండి సార్. అది గాకుంటే ఉన్నదానికన్నా రిపేరు చేయించండి. కనీసం తలుపు" అంది మద్దిలేటమ్మ.

"ప్రయాణం ఎంతసేపు పడుతుందమ్మా?" అన్నారు ఉపకులపతి గారు.

"పోను గంట, రాను గంట సార్. బస్సు మనసు బాగుంటే."

"ఆ సమయంలో మీరేం చేస్తుంటారు?"

"కూచోనుంటాం సార్. సీటు దొరికితే."

ఆయన ముఖంలో నిజమైన బాధ కనిపించింది. "విన్నారా భూషణం గారూ? మన మేధాసంపద ప్రతిదినమూ రెండు గంటలపాటు ఊరికే కూర్చుంటోంది."

"సీటు దొరికితే సార్" అని మద్దిలేటమ్మ మళ్లీ గుర్తుచేసింది.

"బస్సును బాగుచేయాలన్నది స్థూలదృష్టి తల్లీ. బస్సులో గడిచే కాలాన్ని బాగుచేయడం సూక్ష్మదృష్టి. ప్రయాణాన్ని మనం అభ్యసనంగా పరివర్తన చేద్దాం."

భూషణం గారు "పరివర్తన" అని రాసుకుని కింద గీత గీశారు.

"తలుపు సార్?"

"జ్ఞానానికి తలుపులుండవమ్మా!" అని ఆయన హాయిగా నవ్వారు. ఆ మాటను మరుసటి వారం బస్సుకు తలుపు ఉండవలసిన చోట, పైన, నీలిరంగుతో రాయించారు. బస్సుకు జరిగిన మొదటి మరమ్మతు అదే.

రెండోది నల్లబల్ల. డ్రైవరు సీటు వెనక తగిలించారు. మొదటి పాఠం చెప్పే గౌరవం, ఉపకులపతి గారి గదిలో ముందు నిలబడ్డ పాపానికి, నాకే దక్కింది. ఆరోజు తళ్లికోట యుద్ధం చెప్పాలి. బస్సు వెళ్లే దిక్కుకు వీపు పెట్టి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో సుద్దముక్క పట్టుకుని మొదలుపెట్టాను. మొదటి మలుపులో బల్ల నా వీపుమీద కొట్టింది. రెండో మలుపులో సైన్యాలు ఎదురుపడే చోట నేను వెళ్లి గణితం మేడం ఒళ్లోని టిఫిన్ క్యారియర్ మీద పడ్డాను. లేచి కళ్లజోడు వెతుక్కుంటూనే పాఠం సాగించాను. మూడో మలుపుకు విజయనగరంతోబాటు నేనూ పూర్తిగా కూలిపోయాను. ఆ పతనాన్ని అంత కళ్లకు కట్టినట్టు ఎవరూ చెప్పలేదని విద్యార్థులు తర్వాత మెచ్చుకున్నారు.

నెల తిరిగేసరికి ఒక విశేషం బయటపడింది. రెండు ప్రాంగణాల్లోనూ సగం నిండని తరగతులే. బస్సులో మాత్రం హాజరు సంపూర్ణం. పాఠం మధ్యలో లేచి వెళ్లినవాడు ఒక్కడూ లేడు. ఘాట్‌లో కదిలే బస్సులోంచి లేచి వెళ్లడం కష్టమని ఎవరూ అనలేదు. విద్యామండలి సమావేశంలో ఉపకులపతి గారు ఉద్వేగంతో లేచి నిలబడ్డారు.

"నాలుగు గోడల మధ్య సాధించలేనిది నాలుగు చక్రాల మీద సాధించాం. దీన్ని ఇంకా బస్సని పిలవడం మన సంకుచితత్వం. నేటినుంచి ఇది మన మూడవ ప్రాంగణం. సంచార ప్రాంగణం."

అందరూ బల్లలు చరిచారు. నేనూ చరిచాను. ఆ చప్పుడులోనే నన్ను దానికి ప్రిన్సిపాలుగా నియమించినట్టు తర్వాత తెలిసింది. డ్రైవరు వెనక సీటుకు ఒక పచ్చ తెర కట్టి, దాన్ని నా గది అన్నారు.

దస్తగిరి సంగతి కొంచెం చిక్కయింది. ప్రాంగణంలో పనిచేసేవాళ్లు బోధన సిబ్బంది అయినా కావాలి, బోధనేతర సిబ్బంది అయినా కావాలి. బోధనేతర పోస్టులు ఖాళీ లేవని భూషణం గారు తేల్చారు. కాబట్టి దస్తగిరిని ఆచార్యుణ్ణి చేశారు. 'ఆచరణాచార్యుడు' అని హోదా.

"నాకెందుకు సార్ ఇదంతా? నేను చదివింది తొమ్మిది. అదిగూడా పూర్తిగా గాదు" అని దస్తగిరి నా దగ్గర గోల పెట్టాడు. మర్నాడు మాత్రం తన పెళ్లినాటి కోటు వేసుకుని వచ్చాడు. బొత్తాలు పట్టలేదు గానీ, అతను పట్టించుకోలేదు.

అక్కణ్ణుంచి ప్రయాణం ఇంకొంచెం పొడుగయింది. మలుపు మలుపుకూ బస్సు ఆపి, వెనక్కి తిరిగి, "ఈడ సెకండు గేరు ఎందుకేయాల? ఎవురన్నా చెప్పండి" అనేవాడు. ఎవరో ఒకరు చెప్పేదాకా ముందుకు పోయేది లేదు. తప్పు చెప్పినవాణ్ణి కోప్పడేవాడు కాదు. "బాగా ఆలోచన చేయి నాయనా, తొందరేముండాది?" అనేవాడు. తొందర ఉన్నవాళ్లు వెనక సీట్లలో పళ్లు నూరుకునేవాళ్లు.

"ఇంట్లో మా ఆడామె గూడా ప్రొఫెసర్ గారంటాంది సార్" అన్నాడొకరోజు నాతో, సిగ్గుపడుతూ. "ఉప్పు తెమ్మనేటప్పుడు తప్ప."

ప్రాంగణమన్నాక అర్హత లేనివాళ్లు చొరబడకూడదు గదా. అందుకని భూషణం గారు ప్రవేశపరీక్ష పెట్టారు. పరీక్షా కేంద్రం కొండ ప్రాంగణం. బస్సు ఎక్కాలంటే పరీక్ష పాసవ్వాలి. పరీక్ష రాయాలంటే కొండెక్కాలి. కొండెక్కాలంటే బస్సెక్కాలి. ఈ సంగతి నేను విన్నవిస్తే ఆయన చాలాసేపు ఆలోచించి, "పోటీ పరీక్షలన్నాక కొంత కాఠిన్యం ఉండాలి" అన్నారు. చివరికి ఒక్కరోజుకు తాత్కాలిక ప్రవేశం ఇచ్చి అందరినీ తీసుకెళ్లాం. అందరూ పాసయ్యారు, ఒక్క మద్దిలేటమ్మ తప్ప. ఆమె ఫెయిలవలేదు. అప్పటికే పీజీ చదివి ఉండటం వల్ల ఈ కోర్సుకు అధిక అర్హత అని ఆపేశారు. నేను ప్రిన్సిపాలు హోదాలో ఆమెను 'అతిథి పరిశోధకురాలు'గా తీసుకున్నాను. అతిథులకు సీటు ఇచ్చే వీలు నిబంధనల్లో లేదు. ఆమె మెట్టు మీద నిలబడి కొండెక్కేది.

"ఎట్లో ఒకట్ల పోతాండా గదా సార్, చాలు" అనేది.

అదీ ఎక్కువ రోజులు సాగలేదు. కళాశాలలకు గ్రేడులిచ్చే పరిశీలక బృందం మా సంచార ప్రాంగణాన్ని చూడటానికి వచ్చింది. బృందం నాయకురాలు నిక్కచ్చి మనిషి. పాత ప్రాంగణం మెట్ల మీద నిలబడి నన్ను అడిగారు.

"మీ ప్రాంగణం ఎక్కడుంది?"

"ఈ సమయానికి రెండో మలుపు దగ్గర ఉంటుంది మేడం."

"రేపు?"

"రేపు కూడా అక్కడే ఉండొచ్చు మేడం. నిన్నటినుంచి అక్కడే ఉంది. రేడియేటరు."

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "స్థిరమైన చిరునామా లేని విద్యాసంస్థకు గుర్తింపు ఎలా ఇస్తాం? ప్రహరీ ఏది? గేటు ఏది? పూలమొక్కలేవి?"

ఇది విని ఉపకులపతి గారు ఏమాత్రం కుంగిపోలేదు. వారం తిరక్కుండా బస్సును లాక్కొచ్చి పాత ప్రాంగణంలో సైకిల్ స్టాండు పక్కన నిలబెట్టారు. చక్రాలు కనపడకుండా చుట్టూ ఇటుక అరుగు పేర్చి సున్నం కొట్టారు. చుట్టూ ప్రహరీ, ఒక మనిషి పట్టేంత ఇనుప గేటు. బంతి మొక్కలు. ఇంజను చప్పుడు పాఠాలకు భంగమని తాళంచెవి తీసి భూషణం గారి బీరువాలో భద్రపరిచారు. బృందం మళ్లీ వచ్చి చూసి, పూలమొక్కలను ప్రత్యేకంగా మెచ్చుకుని, మిగతా రెండు ప్రాంగణాలకూ ఎన్నడూ రాని గ్రేడు దీనికి ఇచ్చి వెళ్లింది.

ప్రారంభోత్సవ సభలో ఉపకులపతి గారు, "ఇకపై బస్సు ఆలస్యమన్న ఫిర్యాదు ఈ విశ్వవిద్యాలయంలో వినిపించదు" అని ప్రకటించారు. ఆ మాట అక్షరాలా నిజమైంది.

మొదట్లో కొండకు వెళ్లాల్సినవాళ్లు పాలవ్యానులోనూ, ఎవరిదైనా మోటారు సైకిలు వెనకా పట్టుకుని వెళ్లారు. క్రమంగా మానేశారు. కొండ ప్రాంగణంలో వేలిముద్ర యంత్రం మీద ఒక్క వేలూ పడని రోజు వచ్చింది. "వినియోగం లేని ప్రాంగణాన్ని తెరిచి ఉంచడం ప్రజాధన దుర్వినియోగం" అని భూషణం గారు దానికి తాళం వేయించారు. అధికారికంగా తరగతి జరిగితే తప్ప ఎవరి కోసమూ తీయవద్దని కాపలావాడికి ఆజ్ఞ.

మద్దిలేటమ్మ పాలవ్యానులో వెళ్లి గేటు దగ్గర బతిమాలి తిరిగొచ్చింది. మరోసారి వెళ్లింది. కాపలావాడు అడ్డంగా ఊపిన తలే మళ్లీ చూసి వచ్చింది. మూడోసారికి పాలవ్యాను అతనే, "వద్దులేమ్మా, నీ మొగం చూడలేకపోతాండా" అన్నాడట.

ఆ సాయంత్రం నా గదికి వచ్చింది. అంటే పచ్చ తెర పక్కకు జరిపింది.

"సార్, మీరు ప్రిన్సిపాలు గదా. ఒక్క మాట చెప్పండి. ఈ బస్సు ఎప్పుడన్నా పోతాదా?"

"ఇది బస్సు కాదమ్మా" అన్నాను నేను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఆమె మెట్టు మీద కూలబడింది.

"కుండీలన్నీ ఎండిపోతాంటాయి సార్. ఒక్కో వరుస ఒక్కో ఏడు కష్టం. మా నాయనకు చెప్పినా, నీకు మంచి ఇత్తనం తెస్తానని." తల పక్కకు తిప్పుకుంది. గేటు అవతల సైకిళ్లు తీసుకుంటున్న పిల్లలు నవ్వుకుంటూ వెళ్తున్నారు. ఆమె చున్నీతో ముఖం తుడుచుకుని, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది.

చూసింది దస్తగిరి. స్టీరింగు ముందు కూర్చుని సాయంత్రం పాఠం నెమరువేసుకుంటున్నాడు. కోటు విప్పి సీటు మీద వేశాడు. "నాకు గూడా చేతులు ఊరుకుంటల్యా సార్" అన్నాడు మెల్లగా. "రాత్రిళ్లు మంచం మీద గేర్లు మారుస్తాండానని మా ఆడామె లేపుతాంది. ఎట్లనన్నా ఒక్కసారి కొండెక్కిద్దాం."

ముగ్గురం ఉపకులపతి గారి దగ్గరికి వెళ్లాం. ఈసారి ముందు మద్దిలేటమ్మ నడిచింది.

ప్రాంగణాలను కలిపే బస్సు కావాలని ఆమె అడిగితే ఆయన ఎంతో సంతోషించారు. "సముచితమైన కోరిక! ఇప్పుడు మనకు మూడు ప్రాంగణాలు. అనుసంధానం లేకుండా ఎలా?"

భూషణం గారు గొంతు సవరించుకున్నారు. "నిబంధనావళి ప్రకారం, బస్సు లేని విశ్వవిద్యాలయానికే బస్సు మంజూరవుతుంది. మనకు ఉంది."

"ఎక్కడుంది?" అన్నాను.

"సైకిల్ స్టాండు పక్కన."

"అది ప్రాంగణం కదండీ."

"విద్యాశాఖకు ప్రాంగణం. రవాణాశాఖకు బస్సు. రెండు శాఖలూ వేర్వేరు భవనాల్లో ఉన్నాయి. మనం కల్పించుకోకూడదు."

దస్తగిరి నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను. మద్దిలేటమ్మ మాత్రం ఉపకులపతి గారినే చూస్తోంది. ఆ చూపులో ఏదో మారింది. చాలా వినయంగా అడిగింది.

"సార్, తెలీక అడుగుతాండా. ప్రాక్టికల్స్ లేకుండా కోర్సు పూర్తయినట్టేనా సార్?"

"ఎన్నటికీ కాదు! ప్రయోగం లేని విద్య ప్రాణం లేని దేహం" అన్నారు ఆయన.

"మరి దస్తగిరి సార్ చెప్పే పాఠానికి ప్రయోగమేంది సార్?"

భూషణం గారు పాఠ్యప్రణాళిక తిరగేశారు. ఉపకులపతి గారు కుర్చీలోంచి నెమ్మదిగా లేచారు. ఆయనకు కొత్త ఆలోచన వచ్చినప్పుడు అలాగే లేస్తారు. అది ఇంకొకరి ఆలోచన అయినా సరే.

"క్షేత్రస్థాయి ప్రయోగ తరగతి!" అన్నారు. "ఆచరణాచార్యులు ఇన్నాళ్లూ సిద్ధాంతానికే పరిమితమయ్యారన్నమాట. ఇది క్షంతవ్యం కాదు."

"తప్పయిపాయ సార్" అన్నాడు దస్తగిరి. నవ్వు ఆపుకోవడానికి గట్టిగా దగ్గాడు.

"అయితే ప్రహరీ పగలగొట్టాల్సి వస్తుంది. అది నిబంధనలకు విరుద్ధం" అన్నారు భూషణం గారు.

"పగలగొట్టేది గాదు సార్" అంది మద్దిలేటమ్మ. "గేటు కొంచెం వెడల్పు చేసేది. ప్రాంగణ విస్తరణ."

'విస్తరణ' అన్న మాట వినగానే భూషణం గారి ముఖం విప్పారింది. కలం మూత తీశారు.

ప్రయోగం రోజున ఉపకులపతి గారు బస్సు ముందు కొబ్బరికాయ కొట్టి, జ్యోతి వెలిగించి, ప్రయోగం గురించి చాలాసేపు మాట్లాడారు. దస్తగిరి బీరువా దాటి వచ్చిన తాళంచెవిని కళ్లకద్దుకుని తిప్పాడు. బస్సు పలకలేదు. మళ్లీ తిప్పాడు. ఉపకులపతి గారి నవ్వు కొంచెం బిగుసుకుంది. మద్దిలేటమ్మ చున్నీ నడుముకు చుట్టి వెనక్కి పరుగెత్తింది. ఆమె వెనకాల పిల్లలు, పిల్లల వెనకాల గణితం మేడం, నేను. విద్యార్థులందరూ ప్రయోగంలో చురుగ్గా పాల్గొన్నారని మర్నాడు నివేదికలో రాశాను. అంటే తోశారు.

అరుగు ఇటుకలు దొర్లాయి. బంతి మొక్కలు ఒక వరుస పోయాయి. బస్సు ఒక్కసారి తుమ్మి, నల్లటి పొగ వదిలి, కదిలింది. "రా తల్లీ!" అని దస్తగిరి కేక పెట్టాడు. కదిలేదాంట్లోకే అందరం ఎక్కేశాం. తలుపు లేకపోవడం ఎంత మంచిదో అప్పుడు తెలిసింది.

ఘాట్‌లో ఆరోజు పాఠమేమీ జరగలేదు. దస్తగిరి ఒక్క మలుపులోనూ ఆగి ప్రశ్న అడగలేదు. అతని చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే మేమంతా ఊపిరి బిగబట్టి చూశాం.

కొండ గేటు దగ్గర కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. "తరగతి యాడ సార్? తరగతుంటేనే తీయమన్యారు."

"నువ్వు చూస్తున్నదే" అన్నాను. అతను బస్సు పైన 'సంచార ప్రాంగణం' అని ఉన్న బోర్డును గుడ్లప్పగించి చదివి, తాళం తీశాడు.

బస్సు ఇంకా ఆగకముందే మద్దిలేటమ్మ దూకి షెడ్డు వైపు పరుగెత్తింది. నేను ఆయాసపడుతూ వెళ్లేసరికి వరుసల మధ్య కదలకుండా నిలబడి ఉంది. మొదటి వరుస గడ్డిలా పసుపుపచ్చగా పడిపోయింది. రెండోదీ అంతే. ముట్టుకుంటే ఆకులు పొడిపొడిగా రాలాయి. రోజూ ఎక్కువ నీళ్లు తాగిన కుండీలవి. నేను వంగి, రాలిన ఆకులు ఏరి పక్కన పెట్టాను.

"సార్" అంది ఆమె. "ఆ మూలకు చూడండి."

షెడ్డు చివరి వరుస. అన్నిటికంటే తక్కువ నీళ్లు పోస్తూ వచ్చిన మొక్కలు. ఆకులు చుట్టుకుని సన్నగా సూదుల్లా ఉన్నాయి గానీ పచ్చగా ఉన్నాయి. కొన్నిటికి కంకి కూడా తొంగిచూస్తోంది.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఒక ఆకును రెండు వేళ్లతో పట్టుకుంది. "నీళ్లు పూర్తిగా ఆపి చూడాలని మా గైడు సారు ఎప్పుడో చెప్పినాడు సార్. నాకే ధైర్యం రాల్యా. రోజూ పోయి కొంచెమన్నా పోస్తాంటి. ఎట్లా చంపుకుంటాం, చేత్తో పెంచి." ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "మా నాయనకు ఇత్తనం తెస్తాననింటి. ఇదే సార్ అది."

పాపం దస్తగిరి గుమ్మంలో నిలబడి, ఏమైందో అర్థం కాకపోయినా, కళ్లు తుడుచుకున్నాడు.

ఈ సంగతి విన్నాక ఉపకులపతి గారు ఊరుకుంటారా? వచ్చే సమావేశంలోనే, రవాణా లేకపోవడం పరిశోధనకు ఎంతగా దోహదం చేస్తుందో సోదాహరణంగా వివరించారు. పరిశోధకులందరినీ ఏటా కొంతకాలం వారి ప్రయోగశాలలకు దూరంగా ఉంచాలని తీర్మానం ప్రతిపాదించారు. రసాయనశాస్త్రం వాళ్లు కాళ్లావేళ్లా పడి దాన్ని వాయిదా వేయించారు. మూత పెట్టకుండా వదిలితే పేలేవి వాళ్ల దగ్గర ఉన్నాయట.

మద్దిలేటమ్మ ఆ ఏడాదే థీసిస్ సమర్పించింది. విత్తనాలు ఒక గుడ్డసంచిలో కట్టుకుని ఊరికి తీసుకెళ్లింది.

ప్రయోగ తరగతులు మాత్రం కొనసాగుతున్నాయి. పొద్దున ఎక్కేది ప్రయోగం, సాయంత్రం దిగేది పునశ్చరణ. ప్రయోగ తరగతుల్లో మాకంటే క్రమం తప్పని ప్రాంగణం మరొకటి లేదని పైనుంచి ప్రశంస కూడా వచ్చింది. నమోదు చేసుకున్న విద్యార్థులు తప్ప ఎవరూ ఎక్కకూడదన్న నిబంధనను కూడా నేను తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను.

మొన్న పునశ్చరణలో, ఘాట్ మధ్య గూడెం దగ్గర ఒక అవ్వ నెత్తిమీద సీతాపండ్ల గంపతో చెయ్యి ఎత్తింది. దస్తగిరి బ్రేకు వేసి నావైపు తిరిగాడు. నేను తెర పక్కకు జరిపి కిందికి వంగాను.

"అవ్వా, ఇది బస్సు కాదు. ప్రాంగణం. చేరితేనే ఎక్కనిస్తారు."

"చేరతాలే నాయనా" అంది అవ్వ, గంప నా చేతికిస్తూ.

"ఏ సబ్జెక్టులో చేరతావు?"

"కిందికి దిగే దాంట్లో."

పేరు రాసుకున్నాను. వెనక సీటులో పిల్లలు జరిగి చోటిచ్చారు. అవ్వ ఒడిలో చేతులు పెట్టుకుని దారిపొడవునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. సంత దగ్గర దిగి, దస్తగిరికి ఒక పండు, నాకొక పండు ఇచ్చి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. మా ప్రాంగణంలో చేరి, కోర్సు అనుకున్న వేళకు పూర్తిచేసి, చేరిన పని నెరవేర్చుకుని బయటపడిన మొదటి విద్యార్థిని ఆమే.